దక్షిణం గుమ్మం దగ్గర మూడో కంచం

మా అమ్మాయి తినేది కాదు. ఈ మాట అంటే మనవాళ్ళెవరైనా "ఏ పిల్లలు తింటారమ్మా, అందరూ అంతే" అని కొట్టిపారేస్తారు. అలాంటి తినకపోవడం కాదు. ముద్ద నోటి దాకా రాగానే పెదాలు బిగించి, కళ్ళు మూసుకుని, లోపల్నుంచి గడియ పెట్టుకున్న మనిషిలా కూర్చునేది. బలవంతాన కుక్కితే ఆ ముద్దని బుగ్గలో దాచుకుని, నేనటు తిరగ్గానే సోఫా వెనక ఊసేసేది. రెండు నిండి మూడో ఏడు నడుస్తున్న పిల్లకి ఏడాది పిల్లల గౌను వదులుగా వేలాడేది.

నేను శాంతమూర్తినేం కాదు. గిన్నె పుచ్చుకుని ఇల్లంతా వెంటపడేదాన్ని. బతిమాలేదాన్ని, కూనిరాగాలు తీసేదాన్ని, చివరికి అరిచేదాన్ని. అరిచాక బాత్రూంలోకి వెళ్ళి నేనే ఏడ్చేదాన్ని. పిల్ల పడుకున్నాక సింకు దగ్గర నిలబడి, దాని గిన్నెలో మిగిలిందీ వంటగిన్నె అడుగున ఉన్నదీ కలిపి నాలుగు ముద్దలు మింగేదాన్ని. అదే నా భోజనం.

ఇదంతా ఇన్వర్‌కార్గిల్‌లో. రెండువేల పది దాటి నాలుగైదేళ్ళయిన రోజులు. మా ఆయన స్టూడెంటుగా దిగి చదువుకున్నది ఆ ఊళ్ళోనే. తర్వాత ఆక్లాండ్‌లో, మనవాళ్ళెక్కువుండే శాండ్రింగ్‌హామ్ పేటలో కొన్నాళ్ళు కాపురం చేశాం. అక్కడ వీధి చివరికి వెళ్తే కరివేపాకు దొరికేది, కష్టం చెప్పుకోడానికి నలుగురు దొరికేవారు. ఇంతలో ఇన్వర్‌కార్గిల్ దగ్గర పాలపొడి ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం వచ్చిందని, పిల్లనీ నన్నూ తట్టాబుట్టా సర్దించి దేశం చివరికి పట్టుకొచ్చాడు. ఊరికే అనడం లేదు. ఆ ఊరు దాటితే ఒక చిన్న దీవి, దీవి దాటితే మంచు సముద్రం. ఆపైన మనుషుల్లేరు.

దక్షిణం యముడి దిక్కు అని పుట్టిన దగ్గర్నుంచీ వింటూ పెరిగినదాన్ని. మేం అద్దెకి తీసుకున్న పాత చెక్క ఇంటికి వీధి తలుపు తూర్పే. కానీ మేం మసిలేదంతా వంటింట్లో. ఆ వంటింటి తలుపు పెరట్లోకి తెరుచుకుంటుంది, సరిగ్గా దక్షిణానికి. తలుపు పైసగం గరుకు గాజు. అవతల ఏదున్నా మసకగా, నీళ్ళలో ఉన్నట్టు కనిపిస్తుంది.

"యముడి పక్కింట్లో కాపురం పెట్టించావు" అన్నాను మా ఆయనతో.

"ఈ ఊరే దక్షిణం. ఇంక ఏ గుమ్మమైతే ఏంటి? హీట్‌పంప్ బానే వర్క్ చేస్తోంది, ఇల్లు వెచ్చగానే ఉంది. ముందు సెటిల్ అవ్వు" అన్నాడు.

పిల్లల నర్సు ఒకావిడ ఇంటికొచ్చి తూకం వేసేది. మంచి మనిషి. పిల్ల బరువు గీతని కాగితం మీద వేలితో చూపించింది. అందరి పిల్లల గీతలూ పైకి పోతుంటే మాది వాలిపోతోంది. "నేను మళ్ళీ వచ్చేసరికి ఇది పైకి తిరక్కపోతే ఆసుపత్రికి పంపాల్సి ఉంటుంది. ముక్కులోంచి గొట్టం వేసి పట్టాల్సి రావచ్చు" అని చాలా మెత్తగా చెప్పింది. ఆ మెత్తదనానికే పిల్లని ఒళ్ళోకి లాక్కున్నాను. వెళ్ళేముందు "మీరందరూ కలిసి కూర్చుని తింటారా?" అని అడిగింది. ముందు పిల్లకి పెట్టాకే నేను తింటాననీ, మా అమ్మ కూడా మాకలాగే పెట్టిందనీ కాస్త గొప్పగానే చెప్పాను. ఆవిడ ఏదో రాసుకుంది. నన్ను మెచ్చుకుంటూ రాసిందనుకున్నాను, నా మొహం.

ఆ వారమే లైబ్రరీలో పిల్లల కథల గంటకి వెళ్తే ఒక కాగితం చేతిలో పెట్టారు. ఏ రోజు ఏ తిండికి పండగో అందులో వేశారు. పాప్‌కార్న్ రోజు, అరటిపండు రోజు, డోనట్ రోజు, ఆఖరికి చీజ్ టోస్టుకి కూడా ఒక రోజు. ఆ రోజు ఆ తిండితో పిల్లల్ని ఆడించమని బొమ్మలతో సహా ఉంది. పనీపాటా లేని జనం అనుకున్నాను. వెంటనే నాకే నవ్వొచ్చింది. అట్లకి ఒక తదియ, చలిమిడికి ఒక చవితి పెట్టుకున్న వాళ్ళం, మనమా ఇంకొకళ్ళని అనేది? కాగితం తెచ్చి ఫ్రిజ్‌కి అంటించాను.

మొదట పాన్‌కేకుల రోజు చేశాం. దోసెల పిండితో రూపాయి బిళ్ళంత అట్లు పోశాను. డైనింగ్ టేబుల్ మీద దుప్పటి కప్పి, దాని కింద హోటల్ పెట్టాం. మూడు బొమ్మ కంచాలు. ఒకటి పిల్లకి, ఒకటి నాకు, ఒకటి ఎలుగుబంటి బొమ్మకి. నా కంచం ఉత్తుత్తిదే. "అమ్ అమ్" అని చప్పుడు చేసి కింద పెట్టేసేదాన్ని. ఉన్న నాలుగూ పిల్ల కడుపులో పడాలి కదా.

పిల్ల నా నోటి వైపు కాసేపు చూసింది. నా కంచం వైపు చూసింది. అప్పుడు ఎలుగుబంటి ముందున్న కంచం, చెంచా తీసుకుని, దుప్పటి కిందనుంచి పాక్కుంటూ పెరటి తలుపు దగ్గరికెళ్ళి, తియ్యమన్నట్టు నిలబడింది. తీశాను. కంచాన్ని బయటి మెట్టు మీద పెట్టి, లోపలికొచ్చి, తలుపు వెయ్యమంది. తర్వాత హోటల్లోకి వెళ్ళి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, గాజు వైపు చూస్తూ కూర్చుంది.

నేను గిన్నెలు కడుక్కుంటున్నాను. ఉన్నట్టుండి పిల్ల చెంచాతో తన కంచం అంచు మీద రెండుసార్లు టకటకమని కొట్టింది. కొట్టి, అట్టు తుంచి నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది. ఇంకోటి తీసుకుంది.

కదిల్తే మానేస్తుందేమోనని కుళాయి కూడా కట్టకుండా అలాగే నిలబడిపోయాను. నాలుగు అట్లు తింది. తర్వాత తలుపు తీసి చూస్తే మెట్టు మీద కంచం ఖాళీ. ఏ సీగల్ పక్షో ఎత్తుకుపోయి ఉంటుందిలే అనుకున్నాను. ఆ క్షణంలో ఏ దెయ్యం తిన్నా నాకు పట్టేది కాదు, నా పిల్ల తింది.

ఆ తర్వాత కాగితంలో ఉన్న పండగలన్నీ చేశాం. పాప్‌కార్న్ రోజు గొడుగు తెరిచి పట్టుకుని, పైనుంచి పాప్‌కార్న్ వాన కురిపించాను. అరటిపండు రోజు పండు చెవి దగ్గర పెట్టుకుని ఫోన్లు చేసుకున్నాం. మాకరోనీ రోజు దారానికి గుచ్చి హారాలు వేసుకున్నాం. ఆట ఏదైనా ఆఖరికి ఒకటే తంతు. మూడో కంచం పెరటి మెట్టు మీదికి వెళ్ళాలి. తలుపు వెయ్యాలి. పిల్ల గాజు వైపు చూస్తూ కూర్చోవాలి. కాసేపటికి చెంచాతో రెండు దెబ్బలు, అప్పుడు తిండి.

ఆ రెండు దెబ్బలు ఎక్కడ నేర్చింది? మా ఇంట్లో ఎవరికీ ఆ అలవాటు లేదు. ఒక కూనిరాగం కూడా మొదలుపెట్టింది. మన పాట కాదు, టీవీలో పాటా కాదు. నాలుగు స్వరాలు దిగి, ఒకటి పైకెక్కి, అక్కడే ఆగిపోయేది, సగంలో మరిచిపోయినట్టు.

ఇంకో సంగతి. పక్షి తింటే కంచం బోర్లా పడాలి, చెంచా ఎక్కడో దొర్లాలి. కంచం నున్నగా ఊడ్చినట్టుండేది. చెంచా దానిమీద అడ్డంగా, తిన్నగా పెట్టి ఉండేది. మర్యాద తెలిసిన మనిషి భోంచేసి లేచినట్టు.

"నువ్వే సర్ది మర్చిపోయుంటావు. నిద్ర సరిపోవట్లేదు నీకు" అన్నాడు మా ఆయన. వారంలో సగం రోజులు ఆయన పగలు పడుకునేవాడు. ఇంట్లో ఏం జరుగుతోందో ఆయనకేం తెలుసు?

పిల్లనే అడిగాను. "ఎవరికే ఆ కంచం?"

"లేడీకి."

"ఏ లేడీ?"

"దిస్ హౌస్ లేడీ."

"ఈ ఇల్లు మనది కదా."

తల అడ్డంగా ఊపింది. నన్ను సరిదిద్దుతున్నట్టు నెమ్మదిగా చెప్పింది. "లేడీ హౌస్."

సాయంత్రం మా ఆయన లేవగానే, ఈ ఇంట్లో ఎవరైనా పోయారేమో ఏజెంటుని కనుక్కో అన్నాను. "నూరేళ్ళ ఇల్లు. ఎవరో ఒకరు పోయే ఉంటారు. పోకుండా ఎలా ఉంటారు?" అని టీ తాగాడు. ధైర్యం చెప్పడం ఆయనకి చేతకాదు.

చలికాలం ముదిరింది. ఒకరోజు చీజ్ టోస్టు పండగ. కంచం బయట పెట్టి తలుపు వేశాం. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. కంటి చివర గాజు మీద తెల్లటిది కదిలింది. తిరిగి చూశాను. మనిషంత ఎత్తు. వంగింది. చాలాసేపు వంగే ఉంది. పిల్ల టకటకమని కొట్టి తినడం మొదలుపెట్టింది. నా చేతిలో అట్లకాడ అలాగే ఉండిపోయింది. ఆ తెలుపు మెల్లగా లేచి, గాజులోంచి పక్కకి తప్పుకుంది.

తలుపు తీయడానికి నాకు ఎంతసేపు పట్టిందో తెలీదు. తీస్తే ఎవరూ లేరు. ఖాళీ కంచం, అడ్డంగా చెంచా. పెరట్లో గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుని ఉంది. ఆ మంచులో అడుగులు. చెప్పులు లేని పాదాలు, వేళ్ళతో సహా అచ్చు పడ్డాయి. అన్నీ ఇంటివైపే వస్తున్నాయి. తిరిగి వెళ్ళినవి ఒక్కటీ లేదు. దెయ్యాల పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని చిన్నప్పుడు మంచాల మీద పడుకుని చెప్పుకునేవాళ్ళం. ఇవి వచ్చిన పాదాలా, వెనక్కి తిరిగి ఉన్న పాదాలతో వెళ్ళినవా? వచ్చినవే అయితే, వచ్చిన మనిషి ఏదీ? నేను నా వెనక వంటింట్లోకి చూశాను. పిల్ల టోస్టు తింటూ ఆ రాగం తీస్తోంది.

ఇదంతా మా అమ్మకి చెప్పలేదు. చెప్తే మొట్టమొదట పెట్టడం ఆపమంటుంది. ఆపితే పిల్ల తినదు. నర్సు మళ్ళీ రావడానికి ఎన్నాళ్ళో లేదు. నేను ఒకపక్క గాజు వైపు చూస్తూ వణుకుతూ, ఇంకోపక్క పిల్ల బుగ్గలు చూసుకుని మురుస్తూ గడిపాను. రెండూ ఒకే వంటింట్లో, ఒకే పొద్దున.

కానీ నా చేతులారా నేనే బయటపెట్టుకున్నాను. జపాన్ వాళ్ళ అన్నం ఉండల రోజు వచ్చింది. కాగితంలో బొమ్మ ముద్దుగా ఉంది. అన్నం ఉడికించి ఉండలు చేశాం, పిల్ల నల్ల నువ్వులు అద్దింది. కంచానికి బదులు ఆకులో పెడదామని, పెరట్లో కత్తుల్లా పెరిగే ఫ్లాక్స్ పొదలోంచి ఒక పొడుగాటి ఆకు కోశాను. ఆకు కొస బయటికి ఉండేలా మెట్టు మీద పరిచి, పిల్ల దాని మీద మూడు ఉండలు వరసగా పెట్టింది. పక్కన చెంచా. ఎంత బాగుందో అని ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాను.

ఎప్పుడూ పువ్వులూ దండాలూ గుప్పించే గ్రూపు చప్పుడు చెయ్యలేదు. అందరూ చూసినట్టు గుర్తులు పడ్డాయి, ఒక్కరూ మాట్లాడలేదు. కోనసీమలో ఇంకా తెల్లారకముందే అమ్మ ఫోన్ చేసింది.

"ఎవరికి పెట్టావే అది?"

"ఆడుకోడానికమ్మా. ఇక్కడ అన్నం ఉండల రోజని..."

"మతుండే మాట్లాడుతున్నావా? నువ్వులద్దిన మూడు ముద్దలు ఆకులో వేసి, నువ్వు చెప్పిన ఆ దక్షిణం గుమ్మం బయట పెట్టి, ఆడుకోడానికంటావేమిటే? పిండం అంటారు దాన్ని."

ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని తలుపు తీశాను. ఆకు మీద ఏమీ లేదు. చెంచా ఆకుకి అడ్డంగా ఉంది.

"ముట్టిందా?" అంది అమ్మ.

"ఇక్కడ కాకులుండవమ్మా."

"మరి ఏం ముట్టింది?"

అప్పుడు అంతా చెప్పేశాను. అమ్మ అరవలేదు. ఆ తలుపు ఇంక తియ్యద్దని, పిల్లకి ఉప్పూ మిరపకాయలతో దిష్టి తియ్యమని గొంతు తగ్గించి చెప్పింది, అవతల ఎవరో వింటున్నట్టు. ఎండు మిరపకాయలు పిల్ల చుట్టూ తిప్పి పెనం మీద వేశాను. పొగ లేచి ఇంటి కప్పుకి ఉన్న స్మోక్ అలారం గొల్లుమంది. కానీ ఘాటు రాలేదు. మిరపకాయలు నల్లగా మాడిపోయినా నేను దగ్గలేదు, పిల్ల తుమ్మలేదు. దిష్టి గట్టిగా ఉంటే ఘాటు రాదంటారు. మా ఆయన లేచి వచ్చి అలారం కింద తువ్వాలు ఊపుతూ "పాత స్టాక్ కొన్నావు" అన్నాడు. నేను పెరటి తలుపుకి గడియ పెట్టి, గాజు కనిపించకుండా మందపాటి దుప్పటి మేకులతో కొట్టేశాను.

పిల్ల ఆ రోజునుంచి తినడం మానేసింది. హోటల్ పెట్టాను, గొడుగు తెచ్చాను, అరటిపండు ఫోన్ మోగించాను. మూడో కంచం పట్టుకుని దుప్పటి ముందు నిలబడేది. తియ్యకపోతే కంచం కింద పెట్టి, అక్కడే పడుకునేది. పెదాలు మళ్ళీ మూసుకుపోయాయి. వచ్చిన బుగ్గలు నా కళ్ళముందే జారిపోయాయి. దుప్పటి అవతల, పొద్దున్న పూట, గాజు మీద వేలితో తట్టినట్టు రెండు చిన్న చప్పుళ్ళు వినబడేవి. పిల్ల లేచి కూర్చునేది. నేను దాన్ని ఎత్తుకుని ముందు గదిలోకి పోయి టీవీ సౌండు పెంచేదాన్ని.

మర్నాడు నర్సు వస్తుందనగా నాకు కోపం వచ్చింది. భయం ఎప్పుడు కోపమయిందో తెలీదు. వంటింటి మధ్యలో నిలబడి, తలుపు కేసి చూసి, తెలుగులోనే అన్నాను. "నువ్వెవరివో నాకనవసరం. నువ్వు తింటే నా పిల్ల తింటోంది. రా, తిను. దానిమీద మాత్రం చెయ్యి వేశావో, నేను మంచిదాన్ని కాను."

దుప్పటి పీకేశాను. ఆ రోజు కాగితంలో ఏ పండగో కూడా చూడలేదు. పెరుగన్నం కలిపి మూడు కంచాల్లో పెట్టాను. తలుపు బార్లా తెరిచి, మూడో కంచం మెట్టు మీద పెట్టి, ఈసారి మూయలేదు. పిల్లని ఒళ్ళో పెట్టుకుని గుమ్మానికి ఇవతల కూర్చున్నాను. బయట గాలి కత్తిలా కోస్తోంది.

పెరటి చివర, గుబురుగా పెరిగిన కంచె మొక్కల్లో, ఆకులు కదిలాయి. తెల్ల గౌను బయటికొచ్చింది. తెల్ల జుట్టు, విరబోసుకుని. నేను మొహం చూడలేదు. ముందు పాదాలు చూశాను. ఎర్రగా కందిపోయి, మంచు తొక్కుకుంటూ వస్తున్న పాదాలు. ముందుకే ఉన్నాయి.

అప్పుడు ఊపిరి వదిలాను. ముసలావిడ. ఎనభై దాటి ఉంటాయి. రాత్రి గౌనుతోనే వచ్చింది. మెట్టు మీద కూర్చుని, చెంచా తీసుకుని, కంచం అంచు మీద టకటకమని రెండుసార్లు కొట్టి, పెరుగన్నం నోట్లో పెట్టుకుంది. నా ఒళ్ళోంచి పిల్ల దిగి, గుమ్మానికి ఇటు కూర్చుని, తన కంచం మీద కొట్టి, తినడం మొదలుపెట్టింది. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ తిన్నారు. మధ్యలో ఆవిడ ఆ రాగం తీసింది. పైకెక్కి ఆగిపోయే చోట ఆవిడా ఆగిపోయింది.

తిన్నాక చెంచా అడ్డంగా పెట్టి, నన్ను చూసి, ఇంగ్లీషులో అడిగింది. "అమ్మ లోపలికి వచ్చేసిందా?"

ఎవరి అమ్మ? "వచ్చేసింది. మీరూ రండి, చలి" అన్నాను.

లోపలికి వచ్చింది. ఎక్కడా తడుముకోలేదు. తిన్నగా సామాన్ల అర దగ్గరికెళ్ళి తలుపు తీసి, తలుపు లోపలి చెక్క మీద వేలు పెట్టింది. నేనెప్పుడూ గమనించలేదు. రంగు కింద పెన్సిల్ గీతలు, ఒకదాని మీద ఒకటి, ఎదుగుతున్న పిల్ల ఎత్తులు. అన్నిటికన్నా కింది గీత మీద వేలుంచి, పక్కన నిలబడ్డ నా కూతురి తల నిమిరింది. గీత, పిల్ల తల ఒకే ఎత్తులో ఉన్నాయి. లేడీ హౌస్ అన్నప్పుడు నా పిల్ల అబద్ధమాడలేదు.

ఇంతలో పెరట్లోంచి యూనిఫాంలో ఒక కేరళ అమ్మాయి రొప్పుకుంటూ వచ్చింది. మా కంచె వెనక ఉన్నది వృద్ధుల హోమ్ అని తెలుసు గానీ, కంచెలో మనిషి పట్టే సందు ఉందని నాకు తెలీదు. ఆవిడ ఈ ఇంట్లోనే పుట్టిందట, ముసలితనం వరకు ఈ ఇంట్లోనే ఉందట. ఇప్పుడు మతిమరుపు. వెళ్ళేటప్పుడు మంచు పడని చూరు కింది గచ్చు మీద గోడ పట్టుకుని వీధివైపునుంచి చుట్టు తిరిగి వెళ్ళేది. అందుకే తిరిగి వెళ్ళిన అడుగులు కనపడలేదు.

"అక్కడ ఏం పెట్టినా తినదు మేడమ్. నోరు బిగించేస్తుంది" అంది ఆ అమ్మాయి. "అయినా ఈ మధ్య బరువు పెరిగింది. మా వేయింగ్ మెషీన్ పాడైందనుకున్నాం. మళ్ళీ ఈ వారం తగ్గిపోయింది."

నేను తలుపుకి కొట్టిన మేకుల వైపు చూశాను. ఆవిడ కూడా ఈ వారం తినలేదన్నమాట.

మర్నాడు నర్సు తూకం వేసి, గీత పెద్దగా పెరగలేదు గానీ వాలడం ఆగిందని, ఇంకొంచెం చూద్దామని గడువిచ్చింది. హోమ్ వాళ్ళు కంచె సందు మూసేశారు, మంచిదే. నేను కాగితం చేత్తో పట్టుకుని వీధివైపునుంచి వెళ్ళి అడిగాను. అప్పట్నుంచి డోనట్ రోజయినా, జెల్లీ రోజయినా, పిల్లనీ బొమ్మ కంచాల్నీ తీసుకుని అక్కడికే. కిటికీ పక్క చిన్న బల్ల. ఆవిడ పాప్‌కార్న్ వానకి నోరు తెరిచి కూర్చునేది. అరటిపండు ఫోన్‌లో వాళ్ళమ్మతో మాట్లాడేది, అవతలి నుంచి జవాబు వింటున్నట్టు ఆగి, తల ఊపి, నా వైపు తిరిగి "చలిగా ఉందంటోంది" అనేది. ఆ మాటకి మాత్రం ప్రతిసారీ వెనక్కి తిరిగి చూసేదాన్ని. వాళ్ళిద్దరూ తినేవారు. నేను వడ్డించేదాన్ని, మూతులు తుడిచేదాన్ని. ఇంటికొచ్చి సింకు దగ్గర నిలబడి నా నాలుగు ముద్దలు మింగేదాన్ని.

చలికాలం చివర్లో ఒక పొద్దున కేరళ అమ్మాయి మా వీధి తలుపు కొట్టింది. మీద స్వెటర్ కూడా వేసుకోలేదు. మొహం చూడగానే తెలిసిపోయింది. నిద్రలోనే పోయారంది. నాకు ఏడుపొచ్చింది. నిజం చెప్పాలంటే, ఏడుస్తూనే ఇంకోటి తలుచుకున్నాను. ఇప్పుడు నా పిల్ల తినదు.

మధ్యాహ్నం వరకు ఏమీ ముట్టలేదు. హోమ్‌కి వెళ్దామని బొమ్మ కంచాలు సంచిలో వేసుకుని తలుపు దగ్గర కూర్చుంది. "లేడీ ఇంక లేదమ్మా" అన్నాను. పెరటి తలుపు చూపించింది. నేను అమ్మకి ఫోన్ చేశాను.

"పరాయి మనిషి, పరాయి మతం. ఆడదాన్ని, నేను పిండం పెట్టచ్చా?"

అవతల అమ్మ టీవీ కట్టేసిన చప్పుడు వినబడింది.

"నీ పిల్లకి కూడు అలవాటు చేసింది. పరాయిదేమిటే" అంది అమ్మ. "ముద్దలో కాస్త నెయ్యి వెయ్యి, విడిపోకుండా ఉంటుంది."

"కాకుల్లేవు కదమ్మా."

"కాకి రాలేదంటే పోయినవాళ్ళకి ఏదో కోరిక మిగిలిందని. అది మేం చూసుకుంటాం అని పైకి చెప్పాలి. చెప్పు. ఏదో ఒకటి వస్తుంది."

అన్నం వండాను. నువ్వులూ నెయ్యీ కలిపి మూడు ముద్దలు చేశాను. పొదలోంచి ఆకు కోసి, కొస దక్షిణానికి పెట్టి, మెట్టు మీద పరిచాను. ఈసారి తెలిసే పెట్టాను. ముద్దలు పెట్టి గుమ్మంలో కూర్చున్నాను. పిల్ల వచ్చి పక్కన కూర్చుంది. కంచె అవతల ఆవిడ కిటికీకి అప్పుడే తెరలు తీసేసి ఉతకడానికి పట్టుకుపోతున్నారు. కాకి లేదు. పొద్దస్తమానం అరిచే సీగల్స్ కూడా ఆ పూట ఎటు పోయాయో. గాలి ఆగిపోయింది. కంచెలో సందు మూసిన చోట ఆకులు మాత్రం కాస్త కదిలాయి, ఎవరో అవతలినుంచి దారి వెతుకుతున్నట్టు.

ఆవిడ కోరిక ఏముంటుంది? నాకు తెలిసిందొకటే. "పిల్ల తింటుంది. నేను చూసుకుంటాను" అని కంచె వైపు చూసి చెప్పాను. తెలుగులోనే చెప్పాను.

ఏమీ రాలేదు. నా పక్కన టకటకమని చప్పుడైంది. పిల్ల చెంచాతో మెట్టు అంచు మీద కొట్టి, ఒక ముద్ద తీసి నా అరచేతిలో పెట్టింది. పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నా మొహంలోకి చూస్తూ కూర్చుంది. ఆ చూపు నాకు తెలుసు. గాజు వైపు చూసే చూపు. ఇన్నాళ్ళూ అవతలి మనిషి తినేదాకా కనిపెట్టుకుని కూర్చున్నది అలాగే.

"అమ్మా, ఈట్" అంది.

పిండం బతికున్నవాళ్ళు తినేది కాదు. "అమ్ అమ్" అని అలవాటుగా చప్పుడు చేసి, చెయ్యి దించాను. పిల్ల పెదాలు బిగుసుకున్నాయి.

ఎన్ని రోజులు, ఎన్ని కంచాలు నా ముందు ఉత్తినే పెట్టి తీసేసింది నేను. ఈ పిల్ల పుట్టాక దాని ఎదురుగా కూర్చుని నేను ఒక్క ముద్ద తిన్నానా? గుర్తు తెచ్చుకుందామని చూశాను. ఒక్కటీ రాలేదు.

ముద్ద నోట్లో పెట్టుకున్నాను. చల్లారిపోయింది. నువ్వులు పంటి కింద చేదుగా తగిలాయి. నమిలి, బలవంతాన మింగాను. పిల్ల నా గడ్డం పట్టుకుని, నోరు తెరిపించి, లోపలికి తొంగి చూసింది. నిజంగానే తిన్నానని నమ్మకం కుదిరాక రెండో ముద్ద తీసుకుని, నా మొహం చూస్తూ, నెమ్మదిగా మొత్తం తింది.

మూడోది ఆవిడకి అక్కడే ఉంచాం. తలుపు దగ్గరగా వేశాను. గడియ పెట్టలేదు.